ఆర్విల్ నోరు కట్టుకున్న వారం

ఆదివారం ఉదయం ఆర్విల్ టోస్ట్రుడ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. శుక్రవారం దాకా నోరు కట్టుకోవాలి, అంతే. బొడ్డు పక్కన బత్తాయంత ఉబ్బిన హెర్నియాకు ఆపరేషన్ చేయాలంటే ముందు మనిషి రెండు వందల తొంభై పౌన్ల బరువుకు దిగాలని డాక్టర్ కెస్లర్ గీత గీశాడు. అంత కొవ్వులో కుట్టు నిలవదట. ఏడాది పాటు ఆకులలములు నమిలి ఆర్విల్ రెండు వందల తొంభై మూడుకు వచ్చాడు. దగ్గినప్పుడల్లా పొట్ట పట్టుకోవలసిన బతుకు ఇంకో అయిదు రోజుల్లో తీరిపోతుంది.

భార్య వెర్నా ఆ పూటే చర్చిలో లేచి, "శుక్రవారం మా ఆయనకి ఆపరేషన్, ప్రార్థన చెయ్యండి" అనేసింది. మిన్నెసోటాలో ఆ ఊరివాళ్లు ప్రార్థన పొయ్యి మీద చేస్తారు. సోమవారం మధ్యాహ్నానికే మాంసం, జున్ను, మీగడ దట్టించిన గాజు గిన్నెలు నాలుగు గుమ్మం దాటి వచ్చాయి.

"తిప్పి పంపెయ్!" అన్నాడు ఆర్విల్.

"పంపి, ఈ ఊళ్లో ఎవరి మొహం చూడమంటావ్? ఒక్కోదాంట్లో రెండు ముద్దలు తిను. ఎలా ఉందని అడుగుతారు, చెప్పొద్దూ?" అంది వెర్నా.

పక్కింటి ముసలావిడ లెనోర్‌కైనా నిజం చెబుదామని వెళ్లాడు. "నేను మూడు పౌన్లు తగ్గాలి, లెనోర్!"

ఆవిడకు చెవుడు. "తగ్గావా? అయ్యో, చిక్కి సగమైపోయావు నాయనా!"

సాయంత్రానికల్లా ఆర్విల్ ఏదో మాయరోగంతో కరిగిపోతున్నాడని ఊరు తేల్చేసింది. మంగళవారం నుంచి గిన్నెల్లో వెన్న రెట్టింపయింది. తెచ్చినవాళ్లు కదలకుండా ఎదురుగా కూర్చుని మరీ తినిపించారు. ఆర్విల్‌కు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, నిజం చెప్పొద్దూ, రుచి కూడా తెలిసింది.

శుక్రవారం కాటా మూడు వందల ఒకటి చూపింది.

"మూడు నెలలాగి రండి. మీకే పట్టుదల లేకపోతే మేమేం చేస్తాం?" అన్నాడు కెస్లర్, తన కోటు గుండీ పెట్టుకోబోయి, పొట్ట మీద అందక మానేసి.

గిన్నెలు కడిగి ఎవరివి వాళ్లకు ఇచ్చి రావడం ఆ ఊరి మర్యాద. ఇంటికి రాగానే ఆర్విల్ పద్నాలుగు గిన్నెల పెట్టెను కసిగా ఎత్తాడు. పొట్ట లోపల ఏదో చిక్కుకుంది. ఉబ్బు రాయిలా బిగుసుకుపోయి, మనిషి నేల మీద కూలబడ్డాడు. అంబులెన్సు అతణ్ణి తీసుకెళ్లి మళ్లీ కెస్లర్ ముందే దించింది.

"పేగు ఇరుక్కుంది. ఈ క్షణమే కొయ్యాలి" అన్నాడు కెస్లర్.

"కుదరదు డాక్టరు గారూ," పళ్ల బిగువున మూలిగాడు ఆర్విల్, "నేనింకా పదకొండు పౌన్లు ఎక్కువున్నాను!"

"నోరు మూసుకుని పడుకోండి!"

గంటన్నరలో పని అయిపోయింది. కుట్లన్నీ నిలిచాయి. ఇంటికి పంపుతూ ఇచ్చిన కాగితంలో, రోగి బరువు అన్న గడిలో, "తూచలేదు" అని రాసి ఉంది.