ఈగల స్వేచ్ఛపై నలభై రెండు పేజీలు

తేనెటీగకు ఎలాంటి ఇల్లు కావాలో నిర్ణయించడానికి తానెవరు?

ఈ ప్రశ్నను ఆలోచనగారు మూడు నెలలుగా, కుర్చీలో కూర్చున్న మరుక్షణం తనకు తాను వేసుకుంటున్నారు. ఇంత గంభీరమైన ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదు కనుక, సాయంత్రం ఫైలు మూసి ఇంటికి వెళుతున్నారు. 'ఆలోచనగారు' అన్నది కార్యాలయం చాటున పెట్టుకున్న పేరు. ఎదుట అందరూ సార్ అనే అంటారు.

దీనికంతటికీ మూలం మంత్రిగారి చారిత్రక ప్రకటన. "నేటి నుంచి మా ప్రభుత్వం తేనెటీగల ఆంతరంగిక వ్యవహారాలలో జోక్యం చేసుకోదు" అని ఆయన విలేకరుల ముందు సెలవిచ్చారు. అంతకుముందు ఏ ప్రభుత్వమైనా చేసుకున్న దాఖలాలు లేవు. అయినా చప్పట్లు మోగాయి. దీన్ని సహజ పెంపకం అంటారు: మందులు వద్దు, పంచదార పాకం వద్దు, ఈగలను వాటి మానాన వాటిని బతకనివ్వాలి. కార్యాలయం పెరట్లో నమూనాగా ఒక గూడు నిలపాలి. అది ఏ రకం గూడో తేల్చే బాధ్యత ఆలోచనగారి మీద పడింది. ఆయన జన్మలో తేనెటీగను దగ్గరగా చూసింది ఒక్కసారే, అప్పుడు పరుగెత్తారు.

పదకొండు పుస్తకాలు చదివాక గూళ్ళు మూడు రకాలని తెలిసింది. చట్రాల పెట్టెలో పట్టు ఎక్కడ కట్టాలో మనిషే గీత గీసి ఇస్తాడు. అడ్డపట్టీల పెట్టెలో పైన పుల్లలు పెట్టి, కింద మీ ఇష్టం అంటాడు. బోలు దుంగలో అసలేమీ అనడు. మొదటిది నియంతృత్వంగాను, రెండోది రాజీగాను, మూడోది బాధ్యతారాహిత్యంగాను ఆయనకు తోచాయి. మర్నాడు మొదటిది క్రమశిక్షణగా, మూడోది స్వేచ్ఛగా కనిపించాయి. తన సంశయాన్ని ఆయన చాలాకాలం వినయమని నమ్ముతూ వచ్చారు.

ఇంట్లో ఆ నమ్మకానికి ఆదరణ లేదు.

"మూడింట్లో ఒకటి చెప్పడానికి మూడు నెలలా?" అంది భార్య.

"ఇది తాత్విక సమస్య."

"మన పడగ్గదికి రంగు కూడా తాత్విక సమస్యేనా? గోడమీద మీరు పూసిన మూడు మచ్చలూ నాలుగేళ్ళుగా అలాగే ఉన్నాయి. చుట్టాలొస్తే ఏదో జబ్బనుకుంటున్నారు."

చివరికి మంత్రిగారి దగ్గర్నుంచి పిలుపు వచ్చింది.

"ఏమయ్యా, అద్దం ఉన్న పెట్టె ఏది?"

"దేనికీ లేదు సార్. వాటికి చీకటి ఇష్టం."

"చీకట్లో పనిచేసేవాళ్ళని నేను నమ్మను. ఆ తలుపు వేసి ఇలా దగ్గరికి రా." మంత్రిగారు గొంతు తగ్గించారు. "మూడూ చేయించు. ఈగలే ఎన్నుకుంటాయి. ప్రజాస్వామ్యం! ఏది గెలిచినా నాకు అభ్యంతరం లేదు. గెలిచేది మాత్రం చట్రాల పెట్టె."

"అదెలా చెప్పగలం సార్?"

"శిలాఫలకం చెక్కించేశాం కదా."

ఆలోచనగారు తేలికపడ్డ మనసుతో బయటికొచ్చారు. నిర్ణయించకుండా ఉండటానికి ఇంతకంటే ఉదాత్తమైన కారణం ఎవరిస్తారు? ఆ ఉత్సాహంలో వడ్రంగికి నలభై రెండు పేజీల వివరణ పత్రం రాశారు. కలప జాతి, పలక మందం, పట్టీకీ పట్టీకీ మధ్య ఎడం, ఇవికాక ఈగల స్వేచ్ఛపై పదమూడు పేజీలు. పదమూడో పేజీ చివర ఆయన కళ్ళు చెమర్చాయి.

ప్రారంభోత్సవం నాడు మూడు పెట్టెలూ తెల్లగుడ్డ పరిచిన బల్లలమీద మెరుస్తున్నాయి. తేనెపట్టులు తీసి బతికే పెద్దావిడ ఒక గుంపును బుట్టలో పట్టి, గుడ్డ కట్టి తెచ్చింది. పాత పట్టు విడిచి వచ్చిన గుంపు మూడు రోజులకు సరిపడా తేనె మాత్రమే కడుపులో పెట్టుకుని బయలుదేరుతుంది.

"ఇవాళ మూడో రోజు బాబూ," అంది ఆవిడ. "పొద్దుటి నుంచీ బుట్టలో రొద తగ్గిపోతోంది. త్వరగా కానివ్వండి."

మంత్రిగారు గంటా పది నిమిషాలు స్వేచ్ఛ గురించి మాట్లాడారు. ఆలోచనగారు బుట్టమీద చెయ్యి పెట్టి చూశారు. లోపలి కదలిక, వాడిపోతున్న మనిషి గుండెలా, అరచేతికి అందీ అందనట్టు తగిలింది. పదమూడు పేజీల్లో ఎక్కడా ఇంత వెచ్చదనం లేదని ఆయనకు తెలిసింది.

రిబ్బను తెగింది. పెద్దావిడ పెట్టెల చుట్టూ ఒకసారి తిరిగింది. మళ్ళీ తిరిగింది.

"బాబూ, ఇవి లోపలికెళ్ళే దారి ఏదీ?"

అందరూ వంగి చూశారు. చట్రాల పెట్టె నునుపుగా ఉంది. పట్టీల పెట్టె ఇంకా నునుపుగా ఉంది. దుంగకు రెండు వైపులా బిరడాలు బిగించి, వార్నిష్ పూసి ఉంది. చీమ దూరే సందు ఎక్కడా లేదు.

ఆలోచనగారు వడ్రంగి వైపు చూశారు.

"నలభై రెండు పేజీలూ రెండుసార్లు చదివాను సార్," అన్నాడు వడ్రంగి నొచ్చుకుంటూ. "కంత ఊసు లేదు. ఉండాలేమో అని నాకూ అనిపించింది. కానీ పదిహేడో పేజీలో 'రాయనిది చేయరాదు' అని మీరే గీత గీసి మరీ రాశారు."

అది నిజమే. ఆ గీత స్కేలు పెట్టి గీసింది.

మంత్రిగారు మాత్రం తడబడలేదు. మైకు దగ్గరికి జరిగారు. "మిత్రులారా, గమనించండి! శత్రువు చొరబడే వీలులేని గూడు! ఇది మన ప్రభుత్వ దూరదృష్టి!" చప్పట్లు మొదటికంటే గట్టిగా మోగాయి. కెమెరాలు ముందుకు తోసుకొచ్చాయి. రిబ్బను ముక్క పట్టుకుని మంత్రిగారు మూడు పెట్టెల పక్కనా మూడుసార్లు నవ్వారు.

"ఇక తీసుకెళ్ళిపోనా బాబూ?" అంది పెద్దావిడ మెల్లగా. "ఎక్కడికని అడక్కండి. రేపటికి ఇవి బతకవు."

ఆలోచనగారి మనసులో అలవాటుగా రెండు పక్షాలూ లేచి నిలబడ్డాయి. సవరణకు పైవారి ఆమోదం కావాలి అంది ఒకటి. రెండోది గొంతు సవరించుకుంటుండగానే ఆయన వంగి వడ్రంగి సంచిలోంచి, చెక్కకు కంతలు తొలిచే బరమా బయటికి లాగారు.

"సార్, సవరణ ఉత్తర్వు?" అన్నాడు వడ్రంగి భయంగా.

"తర్వాత."

ముప్పై ఏళ్ళుగా పనుల గురించి అంటూ వచ్చిన మాటను ఆయన మొదటిసారి కాగితం గురించి అన్నారు.

"పోనీ, ఏ పెట్టెకు సార్?"

ఆలోచనగారు చేతికి దగ్గరగా ఉన్నదాని మీద మోకాలు ఆనించారు. అది ఏ రకమో చూడలేదు. బరమా మొన చెక్కకు ఆనించి, బలమంతా పెట్టి తిప్పసాగారు.