వసపిట్ట టీచర్ ఇరవై నిమిషాలు

ఆ శనివారం పొద్దున్న పళ్లు తోముకుంటూనే వసపిట్ట టీచర్ ఒక నిర్ణయానికి వచ్చింది. ఇవాళ పదింటి నుంచి పదీ ఇరవై దాకా, ఆకాశం విరిగి మీద పడ్డా సరే, నోరు మెదపకూడదు. ఆ మాటే భర్తకు చెప్పింది. ఇస్త్రీ చేసుకుంటూ చెప్పింది, చెప్పులేసుకుంటూ చెప్పింది, మెట్లు దిగుతూ చెప్పింది. ఆయన తలుపు వేసుకున్నాక కింద నుంచి ఇంకోసారి చెప్పింది.

మనిషి బంగారం, మాటే కాస్త ఎక్కువ. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లకు ఇంగ్లీషు నేర్పే సంస్థలో పదకొండేళ్లుగా పనిచేస్తోంది. అక్కడి టీచర్లకు శనివారం శనివారం ముప్పావుగంట వర్క్‌షాపు ఉండాలని రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగి సాధించింది. తీరా మొదటి వర్క్‌షాపు విషయం, క్లాసులో టీచరు తక్కువ మాట్లాడాలని. నలభై అయిదు నిమిషాల్లో ముప్పై ఎనిమిది ఆవిడే మాట్లాడింది. వెనక బెంచీలో కూర్చున్న సీనియర్ ట్రైనరు స్టాప్‌వాచ్‌తో లెక్కగట్టి, ఆ అంకెను నోటీసు బోర్డు మీద పెట్టింది. అప్పటి నుంచీ ఆ సీనియర్ స్టాప్‌వాచ్ మేడమ్ అయింది, ఈవిడ వసపిట్ట అయింది.

"చూడమ్మా, నీకిదే ఆఖరి అవకాశం," అంది స్టాప్‌వాచ్ మేడమ్ ముందురోజు. "రేపటి ఇరవై నిమిషాల మౌనం మధ్యలో ఎవరినో ఒకరిని పంపిస్తాను. వాళ్లేం వాగినా నువ్వు పెదవి విప్పకూడదు. విప్పావో, వచ్చే వారం నుంచి ఈ వర్క్‌షాపులు నావి."

రెండేళ్ల కష్టం అప్పనంగా ఇంకొకరి చేతిలో పెట్టడానికి వసపిట్ట సిద్ధంగా లేదు. తొమ్మిదీ ముప్పావుకే ఇరవై ఇద్దరు టీచర్లనూ కూర్చోబెట్టి విషయం వివరించింది. కొత్త భాషలో ఒక వాక్యం కూడబలుక్కోవడానికి నేర్చుకునేవాడికి సమయం కావాలి. మనమేమో మూడు సెకన్లు ఓర్చుకోలేక ఆ వాక్యం మనమే పూర్తిచేసేస్తాం. కాబట్టి ఇరవై నిమిషాల పాటు ఎవరు ముందుకొచ్చి మాట్లాడినా బదులు పలకకూడదు. నవ్వుమొహంతో, ఓపిగ్గా, తలాడిస్తూ చూడాలి. మధ్యలో బయటి మనిషి వచ్చి పరీక్షిస్తాడు, అప్పుడూ ఇంతే. సరిగ్గా పదింటికి టైమరు నొక్కి కూర్చుంది.

పదీ అయిదుకు తలుపు తోసుకుని సాక్షాత్తూ డైరెక్టరు గారే వచ్చారు.

స్టాప్‌వాచ్ మేడమ్ సామాన్యురాలు కాదు, ఏకంగా ఈయన్నే పంపింది అనుకుని వసపిట్ట వెన్ను నిటారు చేసింది. డైరెక్టరు గొంతు సవరించుకుని, ఈ వర్క్‌షాపులు దండగని సంస్థ పాలక బోర్డు తేల్చిందనీ, వచ్చే వారం నుంచి ఎత్తేస్తున్నామనీ, ఆ సమయానికి అందరూ అదనపు క్లాసు తీసుకోవాలనీ ప్రకటించారు. అలవాటుగా, ఎవరికైనా అభ్యంతరమా అని అడిగారు.

ఇరవై ముగ్గురూ ఆయన వైపు ఆప్యాయంగా చూశారు.

పాపం, ఆయన గొడవకు తయారై వచ్చారు. ఎవరేమంటే ఏమనాలో కాగితం మీద రాసుకున్నారు. ఎవరూ ఏమీ అనకపోతే ఏమనాలో రాసుకోలేదు. అడగని ప్రశ్నలకు తన జవాబులన్నీ తనే చదివారు. అందరూ తలలాడించారు. వినపడలేదేమోనని గట్టిగా చెప్పారు. అర్థం కాలేదేమోనని నెమ్మదిగా చెప్పారు. చెమట తుడుచుకుని, ఇది తన నిర్ణయం కాదు, అంతా బోర్డుదేనన్నారు. వాళ్ల నవ్వు చెదరలేదు. అదనపు క్లాసు రెండు వారాలకొకసారి చాలన్నారు. ఇంకో నిమిషం ఆ చూపులు భరించి, అసలు క్లాసే వద్దన్నారు.

చివరికి ఆయన వసపిట్ట ఎదుటికొచ్చి నిలబడ్డారు. "మీరైనా నోరు విప్పండి మేడమ్. నేనేం చెయ్యాలంటారు?"

పదకొండేళ్లలో ఆ సంస్థలో ఆమెనెవరూ అంత మంచి ప్రశ్న అడగలేదు. మాటలు గొంతుదాకా వచ్చి తోసుకున్నాయి. పైగా ఆయన కళ్లలో భయం చూస్తే అది నటనలా లేదు. నిజంగానే ఎత్తేస్తున్నారా? అలాగైతే ఇప్పుడు మాట్లాడకపోతే రెండేళ్ల కష్టం బూడిద. పరీక్షే అయితే, మాట్లాడితే బూడిద. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. మాట పెగలని విద్యార్థికి చేసినట్టే, మార్కరు తీసి ఆయన చేతిలో పెట్టి గోడ మీది తెల్లబోర్డు చూపించింది.

డైరెక్టరు మార్కరు మూత తీసి, మళ్లీ పెట్టారు. "సరే, ఒప్పుకుంటున్నాను. ఒక్క వర్క్‌షాపుకీ రాకుండానే దండగని బోర్డుకు రాసింది నేనే."

అని తెల్లబోర్డు వైపు తిరిగి, వర్క్‌షాపులు ఆగవనీ, పెద్ద గది ఇస్తాననీ రాసి, కింద సంతకం కూడా చేసి వెళ్లిపోయారు.

టైమరు మోగింది. గది గొల్లున నవ్వింది. ఇంతలో స్టాప్‌వాచ్ మేడమ్ ఆయాసపడుతూ వచ్చింది. తను పురమాయించిన లైబ్రేరియను సంగతి మరిచిపోయాడట, పరీక్ష ఇంకోసారి పెట్టుకుందామంది. వసపిట్ట బోర్డు మీది సంతకం వైపు చూసింది. అంటే డైరెక్టరు గారు పరీక్షకు కాదు, నిజంగానే ఎత్తేయడానికి వచ్చారన్నమాట. ఇప్పుడు మాట్లాడొచ్చు, కానీ మాట రాలేదు. బోర్డు చదివిన స్టాప్‌వాచ్ మేడమ్‌కూ రాలేదు.

మధ్యాహ్నం డైరెక్టరు పిలిపించారు. తిట్లకు సిద్ధపడే వెళ్లింది. ఆయన లేచి నిలబడి కుర్చీ చూపించారు.

"సోమవారం బోర్డు వాళ్లని ఒప్పించాలి. మీరు నా పక్కన కూర్చోండి చాలు. ఏమీ మాట్లాడొద్దు, పొద్దున్న చూసినట్టే చూడండి. మీలాంటి మితభాషిని ఇన్నేళ్లూ గుర్తించలేకపోయాను."

ఆమె వినయంగా తలూపి, నేరుగా స్టాఫ్‌రూముకు వెళ్లింది. తనను మితభాషి అన్నారన్న సంగతి అక్కడ చెప్పి ముగించేసరికి గంటన్నర పట్టింది.