మౌస్ కదిపే డ్యూటీ

రోగుల సమాచార భద్రతలో మా ఊరి ఆస్పత్రి సాధించిన ఘనవిజయాన్ని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. వార్డుకొక్కటే కంప్యూటర్. నిమిషంపాటు ఎవరూ తాకకపోతే స్క్రీన్ లాకైపోతుంది. తెరిచే అధికారం అడ్మినిస్ట్రేటర్ గారికొక్కరికే ఉంది. దొంగలు ఇంతవరకు రాలేదు. వస్తే మాత్రం నోట్లో వేలేసుకుని పోవలసిందే.

"ప్రాణం పోతే ఒక్క రోగిదే పోతుంది. సమాచారం పోతే అందరిదీ పోతుంది!" అని ప్రారంభోత్సవంలో ఆయన సెలవిచ్చారు. రోగుల తాలూకు బంధువులం, చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టాం.

నర్సులకు ఊపిరాడని పని. అందుకని వార్డులో ఓ చక్కని ఆనవాయితీ ఏర్పడింది. ఎవరి రోగికి మందు రాయాలో, డాక్టరు వచ్చేదాకా వాళ్ల మనిషే కూర్చుని మౌస్ కదుపుతూ ఉండాలి. ప్రజల భాగస్వామ్యం అంటే ఇదే కదా!

ఆ సాయంత్రం వంతు ఒక పెద్దావిడది. పొద్దున ఆపరేషనైన భర్త నొప్పితో మెలికలు తిరిగిపోతున్నాడు. డాక్టరు స్క్రీన్ మీద రాస్తేనే మందుల గదివాళ్లు ఇంజక్షన్ ఇస్తారు.

"పెద్దమ్మా, చెయ్యి ఆపావో, ఇక అంతే సంగతులు," అని చెప్పి వెళ్లింది నర్సు.

పాపం, ఆవిడ రెండు చేతులతోనూ మౌస్ పట్టుకుని తిప్పుతూనే ఉంది. ఇంతలో భర్త మంచం అంచుకి జారిపోయాడు.

"బాబూ, ఎవరైనా కాస్త దీన్ని కదుపుతుండండి! ఆయన పడిపోయేలా ఉన్నారు!"

ఎవరి డ్యూటీ వాళ్లు చేసుకోవాలన్నది మా సిద్ధాంతం. ఎవరమూ తలెత్తలేదు. ఆవిడ పరుగెత్తి భర్తను సరిగ్గా పడుకోబెట్టి వచ్చేసరికి స్క్రీన్ లాకైంది. సరిగ్గా అప్పుడే డాక్టరుగారు వచ్చారు.

"అయ్యో, లాకైపోయిందే!" అని ఆయన మనస్ఫూర్తిగా బాధపడి వెళ్లిపోయారు. అడ్మినిస్ట్రేటర్ గారు సమాచార భద్రత మీద ఉపన్యాసమివ్వడానికి పొరుగూరు వెళ్లారు. నోటిమాట మీద మందివ్వడం నేరమని మందుల గదివాళ్లు తేల్చేశారు.

"ఆ మాత్రం చేతకాకపోతే ఎలాగమ్మా? మావాళ్లకీ మందులు రాయించుకోవాలా వద్దా?" అని అందరం ఆవిడనే నాలుగు దులిపాం.

"తప్పయిపోయింది నాయనా," అని ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

తెల్లవార్లూ పెద్దాయన మూలుగుతూనే ఉన్నాడు. ఓర్పుకీ ఒక హద్దుంటుంది కదండీ! పొద్దున్నే అందరం కలిసికట్టుగా వెళ్లి అడ్మినిస్ట్రేటర్ గారికి ఫిర్యాదు చేశాం, మా నిద్ర పాడుచేశాడని పెద్దాయన మీద. ప్రజల మాటంటే అడ్మినిస్ట్రేటర్ గారికి ఎంత గౌరవమనుకున్నారు! ఆ క్షణమే మంచాన్ని వరండాలోకి లాగించేశారు.