నల్ల తూనీగ ఎత్తుగడ

ఇలా దగ్గరికి జరగండి. ఆ తలుపు వేసేయండి, చలిగాలి కొడుతోంది. ఇది కొరియాలోని గున్సాన్ రేవు ఊళ్ళో రైలు నడిపి రిటైరైన తక్ ఇన్‌బే సంగతి. నవ్వొస్తే ఆపుకోండి. ఆయనకు మాత్రం ఇది నవ్వులాట కాదు.

ఆ ఉదయం వాళ్ళింట్లో కిమ్‌జాంగ్, అంటే చలికాలమంతటికీ సరిపడా కిమ్చి, కారం పట్టించిన క్యాబేజీ పచ్చడి, కలుపుకునే రోజు. ఉప్పునీళ్ళలో నానిన క్యాబేజీలు పెరట్లో గుట్టపడి ఉన్నాయి. నిరుడు ఇదే రోజున ఇన్‌బే నడుం నొప్పని మంచమెక్కాడు. ఆయన భార్య సున్‌రె అప్పుడే తెగేసి చెప్పింది: "ఇంకోసారి తప్పించుకున్నారో, మీ కంచంలో కిమ్చి ముక్క పడదు. చలికాలం పోయేదాకా పడదు." ఆమె చేతి కిమ్చి లేనిదే ఇన్‌బేకు ముద్ద దిగదు. కానీ ఏం చేస్తాడు? ఆ పూటే పీసీబాంగ్‌లో, డబ్బు కట్టి కంప్యూటర్ ఆటలాడే ఆ హాల్లో, విమానాల యుద్ధం ఫైనల్ ఉంది. ఆటలో ఇన్‌బే పేరు పాత గద్ద. ఎదుటివాడి పేరు నల్ల తూనీగ. అక్కడ ఎవరి అసలు పేరు ఎవరికీ తెలియదు.

ఎదుటివాణ్ణి చదవడంలో ఇన్‌బేను మించినవాడు లేడని అక్కడివాళ్ళ మాట. విమానం ముక్కు పైకెత్తి నెమ్మదించిందా, వాడి దగ్గర వేగం అయిపోయింది. కిందికి దూకిందా, ఎత్తును వేగంగా మార్చుకుంటున్నాడు. రెక్క ఏ వైపు వాలితే ఆ వైపుకే తిరుగుతాడు. ఇవన్నీ ఆయనకు కొట్టిన పిండి.

"మీ అన్నయ్యకు నడుం పట్టేసిందట. చూసొస్తా" అన్నాడు, చెప్పులు వేసుకుంటూ. మెత్తటి నడుం దిండు అప్పటికే చంకలో ఉంది.

సున్‌రె ఆ దిండు వంక ఒకసారి చూసింది. "అయ్యో పాపం, నిలబడండి. చిటికెలో జావ కాస్తాను. రోగి ఇంటికి ఉత్త చేతులతో వెళ్తారా?"

"ఆలస్యమైపోతుందే!" అంటూ ఇన్‌బే గుమ్మం దాటేశాడు. ఆమె ముఖం చదవాలన్న ఆలోచనే ఆయనకు రాలేదు.

పీసీబాంగ్‌లో దిండు సర్దుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఇంజన్ల హోరులో మునిగిపోయాడు. ఇద్దరూ సమ ఉజ్జీలు. మబ్బుల్లో దాక్కుంటే మబ్బుల్లోకి, సముద్రం మీదికి దిగితే అలల మీదికి. చివరిదాకా ఆకాశంలో ఉన్నవాడే విజేత.

ఉన్నట్టుండి అడ్డుగోడకు అవతల ఏదో గలాటా. ఎవరో ఆడమనిషి అరుస్తోంది, ఎవరో మగమనిషి "చెవి, చెవి!" అని మొత్తుకుంటున్నాడు. ఎవరి పెళ్ళామో వచ్చినట్టుంది, పాపం అనుకుని హెడ్‌ఫోన్లు ఇంకాస్త గట్టిగా నొక్కుకున్నాడు.

సరిగ్గా అప్పుడే నల్ల తూనీగ రెక్కలు అటూ ఇటూ కొట్టుకున్నాయి. ఆ తరవాత తొణుకూ బెణుకూ లేకుండా తిన్నగా సాగిపోయింది.

ఇన్‌బే చెయ్యి జాయ్‌స్టిక్ మీద బిగిసింది. వీపు చూపిస్తున్నాడు. ఇంత ఆటగాడు ఊరికే వీపు చూపిస్తాడా? ఇది ఎర. దగ్గరికి వెళితే గిరుక్కున తిరిగి కాలుస్తాడు. ఇన్‌బే పైకి లేచాడు. తూనీగ తిన్నగానే పోతోంది. "అమ్మో, ఏం గుండె నిబ్బరం!" అనుకుని ఇంకా పైకి లేచాడు. సూర్యుడి వెలుగులో దాక్కున్నాడు. చుట్టూ తిరిగాడు. ఎంతకీ తూనీగ చలించదు. ఇలాంటి గండరగండణ్ణి ఇన్నాళ్ళలో చూడలేదని లోలోపల దండం కూడా పెట్టుకున్నాడు. అలా దండం పెడుతూ తిరుగుతుండగానే పాత గద్దకు ఇంధనం అయిపోయింది. రాయిలా వెళ్ళి సముద్రంలో పడింది.

"నల్ల తూనీగ గెలిచిందోచ్!" అని పీసీబాంగ్ యజమాని కేకేశాడు.

భుజం మీద ఒక చెయ్యి పడింది. దానికి ఎర్రటి కారం అంటుకుని ఉంది.

వెనక సున్‌రె, ఆమె వదిన మాల్‌జా. ఇద్దరికీ ఒక్కో చేతిలో జావ గిన్నె. వాళ్ళ మధ్య ఎర్రగా కందిన చెవితో సున్‌రె అన్న గిల్‌సు.

"నాలుగు రోడ్ల దగ్గర వదిన ఎదురైంది. మీకు నడుం పట్టేసిందట, మా అన్నయ్య మిమ్మల్ని చూడ్డానికి బయల్దేరాడట. వెనకే జావ పట్టుకుని వదిన వస్తోంది" అంది సున్‌రె, ప్రశాంతంగా. "నేనేమో మా అన్నయ్యకు జావ పట్టుకెళుతున్నాను."

"ఇక్కడున్నానని ఎలా తెలిసిందే?"

"రోగిని చూడ్డానికి వెళ్ళేవాడు పీసీబాంగ్ కుర్చీలో వేసుకునే నడుం దిండు పట్టుకెళ్తాడా, ఏమండీ?"

గిల్‌సు తెర వంక చూసి నోరు తెరిచాడు. "బావా! ఆ గద్దవి నువ్వా? ఆ చివర్లో నా కుర్చీలో ఎవరూ లేరయ్యా. ఇది నన్ను లాక్కుపోయింది!"

"లాగుతుంటే ఆ జాయ్‌స్టిక్ కర్రను పట్టుకుని వేలాడావుగా, అదొక్కటే నువ్వు చేసిన యుద్ధం" అంది మాల్‌జా.

సాయంత్రం దాకా బావలిద్దరూ గొంతు కూచుని క్యాబేజీ ఆకుల మధ్య కారం కూరారు. ఇన్‌బే ఓడిపోయినందుకు కూడా ఏడవలేదు. కంచం సంగతే ఆయన బెంగ. పని ముగిశాక, పొద్దుట్నించీ నడుం వంచి పనిచేసిన ఇరుగుపొరుగు వాళ్ళందరి ముందూ ఉడికించిన పంది మాంసం, దాని పక్కన నిగనిగలాడే కొత్త కిమ్చి వచ్చాయి. ఇన్‌బే భార్య ముఖం వంక దీక్షగా చూశాడు. సున్‌రె చిరునవ్వు నవ్వింది. గట్టెక్కానని చదువుకుని చెయ్యి చాచాడు.

"అయ్యో, నడుం పట్టేసినవాళ్ళకు కారం పడుతుందా?" అంటూ సున్‌రె ఆ రెండు జావ గిన్నెలూ తెచ్చి బావలిద్దరి ముందూ పెట్టింది.

ఇది గుర్తు పెట్టుకోండి, మీ వాళ్ళకూ చెప్పండి. చెప్పేటప్పుడు, ఆ జావలో ఉప్పు కూడా వెయ్యలేదన్న ముక్క మాత్రం వదిలిపెట్టకండి.