పేరు లేని ప్రాసెస్

సోమవారం ఉదయం పదింటికి మోహనరంగ తన కుర్చీలో కూర్చుని తెర వైపు చూసేసరికి, కంపెనీ సర్వర్ల జాబితాలో నాలుగు వందల పదిహేడో వరసలో అతని పేరే ఉంది. పేరు పక్కన దీపం ఎర్రగా వెలుగుతోంది.

అది విశాఖపట్నంలో, సముద్రం కనబడే కొండ మీద, ఒక బీమా కంపెనీ వారి పర్యవేక్షణ గది. గోడంత తెర మీద సర్వర్లు, వాటిలో నడిచే అప్లికేషన్లు వరసలుగా కనబడతాయి. బాగున్నవాటి పక్కన ఆకుపచ్చ దీపం, జబ్బు పడ్డవాటి పక్కన ఎర్ర దీపం. తొమ్మిదేళ్లుగా ఆ దీపాలను చూడటమే మోహనరంగ ఉద్యోగం. ఎర్ర దీపం వెలిగితే గంట మోగుతుంది. అప్పుడు ‘చూశాను’ అనే బటన్ నొక్కాలి. నొక్కగానే మోత ఆగుతుంది. దీపం అలాగే ఉంటుంది.

“మీ పేరు పొద్దున్నించి నాలుగుసార్లు మోగింది సార్,” అంది పక్క కుర్చీలోని నజ్మా. “నాలుగుసార్లూ నేనే నొక్కేశాను. టీ చెప్పమంటారా?”

గదిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. శనివారం నాడు సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేశారు. పిలిస్తే పలికేవాటినన్నిటినీ అది తనంతట తానే వెతికి జాబితాలో చేర్చుకుంటుంది. మోహనరంగ కూడా పిలిస్తే పలుకుతాడు. కాబట్టి అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. ఇంటిపేరు సరిగ్గా పడిందో లేదో చూసుకుని, అతను వివరాల పేజీ తెరిచాడు.

మెమరీ తొంభై ఆరు శాతం నిండి ఉంది. అడిగినదానికి జవాబు ఇవ్వడానికి సగటున నాలుగు సెకన్లు పడుతోంది. మెమరీలో చాలాభాగాన్ని లోపల ఆగకుండా నడుస్తున్న ఒకే పని, ఒకే ప్రాసెస్, ఆక్రమించింది. ఆ ప్రాసెస్ మొదలైన తేదీ మార్చి పదకొండు. పేరు ఉండవలసిన చోట ఖాళీ.

ఆ తేదీ అతనికి తెలుసు. ఆ రోజు అతని భార్య హైమకు ఆరో నెలలోనే కాన్పయింది. ఆడపిల్ల. ఏడవలేదు. పధ్నాలుగో తేదీన అతను ఆఫీసుకు వచ్చి, సెలవు కాగితంలో ‘కుటుంబ కారణాలు’ అని రాశాడు. ఎవరూ ఏమీ అడగలేదు. అడగనందుకు వాళ్ల మీద కృతజ్ఞత కలిగింది. అడుగుతారేమోనని ఇప్పటికీ, ఏడు నెలల తర్వాత కూడా, ఎదురుచూస్తున్నాడు.

మేనేజరు ధనుంజయ మంచివాడు. కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చున్నాడు.

“ఇదేదో ఊరికే మెమరీ తినేస్తోందయ్యా రంగా. ఆపి పడేద్దాం. పేరు చెప్పు.”

“పేరు పెట్టలేదండీ.”

ధనుంజయ కాసేపు తన పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీశాడు.

“పేరు లేనిదాన్ని ఆపడానికి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు కదా,” అన్నాడు చివరికి. “ఆ కాలమ్ తప్పనిసరి. పోనీలే, హద్దు పెంచుదాం.”

ఆ గదిలో అది కొత్త పద్ధతి కాదు. ఎంతకీ ఆరని ఎర్ర దీపానికి హద్దు పెంచుతారు. తెర మీది ఆకుపచ్చ దీపాల్లో సగం అలా వచ్చినవే. తొంభై శాతం దాటితే జబ్బు అని ఉన్నదాన్ని ధనుంజయ తొంభై ఏడుగా మార్చాడు. మోహనరంగ దీపం ఆకుపచ్చగా మారింది. నజ్మా నిజంగానే సంతోషించి చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లు ఆగకముందే గంట మోగింది. నాలుగు వందల పద్దెనిమిదో వరస ఎర్రబడింది. అందులో హైమ పేరు ఉంది.

ఆ వరస పొద్దున్నించీ అక్కడే ఉంది, బూడిద రంగులో. బూడిద రంగును ఎవరూ పట్టించుకోరు. సాఫ్ట్‌వేర్ లెక్కలో హైమ మోహనరంగ వెనక ఉన్న మనిషి, అతని ద్వారానే కనబడుతుంది. ముందున్నవాడు ఎర్రగా ఉన్నంతకాలం వెనకున్నవాళ్ల సంగతి తెలియదు. తెలియనివాళ్ల కోసం గంట మోగదు.

మోహనరంగ ఆ వరసనే చూస్తూ ఉండిపోయాడు. ఏడు నెలలుగా హైమ బట్టలు మడతపెట్టింది, బాక్సు కట్టి ఇచ్చింది, సాయంత్రానికి ఏం కూరని అడిగింది. ఆమె తొందరగానే తేరుకుందని అతను అనుకున్నాడు. అందుకు కొంచెం కోపంగా ఉండేది. ఆ కోపం అడుగున, తన బాధే పెద్దదన్న చిన్న గర్వం కూడా ఉండేది. దాన్ని అతను ఇప్పుడే, ఈ వెలుగులో, మొదటిసారి చూశాడు.

హైమ మెమరీ నూటికి నూరు శాతం నిండి ఉంది. తేదీ అదే. అయితే ఆమె ప్రాసెస్‌కు పేరు ఉంది. అక్షరాలు కనబడకుండా వాటి స్థానంలో మూడు చుక్కలు ఉన్నాయి.

“నూరు దాటి హద్దు పెంచడం కుదరదు,” అన్నాడు ధనుంజయ. “కానీ మీ ఆవిడకి పేరు తెలుసు చూశావా? ఇంటికెళ్లి అడుగు. రేపు రాగానే ఒక్క నొక్కుతో ఇద్దరివీ ఆపేద్దాం. మొత్తం ఖాళీ అయిపోతుంది. హాయిగా ఉంటారు.”

“మొత్తమా అండీ?”

“మొత్తమే. ఏమీ మిగలదు.” ఆ మాట అన్నాక ధనుంజయ గొంతు తగ్గించాడు. “ఈలోగా మీ ఇద్దరికీ మరమ్మతు సమయం రాస్తాను. రోజూ సాయంత్రం ఏడింటి నుంచి ఏడున్నర దాకా. ఆ అరగంటా దీపం నీలంగా ఉంటుంది, ఏం జరిగినా గంట మోగదు.”

సాయంత్రం ఏడింటికి హైమ వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మోహనరంగ చొక్కా మార్చుకోకుండానే ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

“నీది నూరు ఉంది,” అన్నాడు.

ఏది నూరు అని ఆమె అడగలేదు. “మీది?”

“తొంభై ఆరు.”

“అంతుందా?” కాయ ఒలవడం ఆపింది. “మీకేమీ లేదనుకున్నాను. మూడు రోజులకే షూ వేసుకుని వెళ్లిపోయారు.”

“నీకూ లేదనుకున్నాను. పేరు పెట్టావట కదా, నాకు చెప్పలేదే?”

“మీరు అడిగితే కదండీ!”

“ఇప్పుడు అడుగుతున్నాను.”

హైమ చెప్పింది. మూడక్షరాల పేరు. అతను పలికి చూశాడు. ‘అలా కాదు, రెండో అక్షరం సాగదీయాలి’ అని ఆమె సరిచేసింది. అతను మళ్లీ పలికాడు. తర్వాత ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు. గంట మోగలేదు. ఏడున్నరకు హైమ ముక్కు తుడుచుకుని లేచి, కుక్కరు పెట్టింది.

మర్నాడు ధనుంజయ ప్రాసెస్ ఆపే ఫారం తెచ్చి మోహనరంగ ముందు పెట్టాడు. పేరు అన్నచోట అతని పెన్ను ఆగింది. నాలుగు సెకన్లు పట్టింది. ‘తెలియలేదు’ అని రాశాడు.

ధనుంజయ ఆ మాట చదివాడు. మోహనరంగ కళ్లలోకి చూడకుండా, మరమ్మతు సమయాన్ని ఏడాది పాటు పొడిగిస్తూ సంతకం చేశాడు.

“ఏడు మంచి టైమేలే,” అన్నాడు కాగితం మడుస్తూ. “నాది ఆరింటికి. మా తమ్ముడు పోయినప్పటి నుంచి. పదకొండేళ్లయింది.”

హైమ మెమరీ రెండు శాతం దిగింది. మోహనరంగది రెండు శాతం పెరిగి తొంభై ఎనిమిది అయింది. గంట మోగకముందే, ఎవరినీ అడగకుండా, అతనే ఇద్దరి హద్దులనూ తొంభై తొమ్మిదికి మార్చుకున్నాడు.

కొత్త వెర్షన్ తన పని తాను చేసుకుపోతోంది. నెల తిరిగేసరికి జాబితాలో కంపెనీ వాళ్లందరూ, వాళ్ల ఇళ్లల్లోని వాళ్లందరూ చేరారు. సాయంత్రం డ్యూటీ పడిన రోజుల్లో మోహనరంగ తెర ముందే కూర్చుని తన అరగంట గడుపుతాడు. ఆరింటికి కొన్ని, ఏడింటికి ఇంకొన్ని, ఒకదాని తర్వాత ఒకటిగా దీపాలు నీలంగా మారతాయి. నజ్మాది ఆరుంబావుకు. ఎందుకని అతను అడగలేదు. అరగంట కాగానే అన్నీ వరసగా ఆకుపచ్చబడతాయి.

డ్యూటీ ముగిసేటప్పుడు రోజువారీ నివేదిక పంపాలి. అందులో మరమ్మతు సమయాల ప్రస్తావన ఉండదు. ‘అన్నీ సక్రమంగా పనిచేస్తున్నాయి’ అన్న ఒక్క వాక్యం ఉంటుంది. దాని కింద మోహనరంగ సంతకం పెడతాడు.