ఆ ఒక్క దాత

పదకొండింటికి హెడ్‌మిస్ట్రెస్ వచ్చేలోపు స్కూలు నాటకం వీడియోను పెన్‌డ్రైవ్‌లో పెట్టేసి, తీరిగ్గా గడ్డం గీసుకోవాలని వీడియో ఎడిటర్ పొద్దున్నే అనుకున్నాడు. తొమ్మిదింటికి హార్డ్ డిస్క్ చచ్చిపోయింది. ఈరోజు వీడియో చేతికి రాకపోతే వచ్చే ఏడాది పని ఇంకొకరికి ఇస్తానని ఆవిడ నిన్ననే చెప్పింది.

ఒక దారి మిగిలింది. పిల్లల తల్లిదండ్రుల కోసం పోయిన నెల ఆ ఫైలును షేరింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టాడు. అప్పుడు దించుకున్నవాళ్లలో ఏ ఒక్కరి కంప్యూటర్ ఆన్‌లో ఉన్నా, అక్కణ్ణుంచి తిరిగి తెచ్చుకోవచ్చు. తెరిచి చూశాడు. పూర్తి ఫైలు ఉన్నవారు: ఒక్కరు.

ఆ ఒక్కరి మీద అతనికి ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ముక్కూ మొహం తెలియని మనిషి, ఏమీ ఆశించకుండా, అడక్కుండానే ఇస్తున్నాడు. తన ఇంట్లో అలాంటివాళ్లు ఒక్కరైనా ఉన్నారా?

ఫైలు మాత్రం నత్తనడక నడుస్తోంది. పదింటికి నలభై శాతం. ఎడిటర్ లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచి బావమరిదికి ఫోన్ చేశాడు.

"ఫైర్‌వాల్ ఆపావా బావా?"

"ఆపాను."

"పోర్ట్ తెరిచావా?"

"తెరిచాను. ఊపిరాడక కిటికీ కూడా తెరిచాను."

"అయితే ఇంట్లోవాళ్లే నెట్ తినేస్తున్నారు."

భార్య ఆఫీసు మీటింగ్‌లో ఉంది. "ఒక్క గంట ఆపవే," అన్నాడు.

"ఉద్యోగం కూడా మానెయ్యమంటారా?" అని ఆమె లాప్‌టాప్ చంకన పెట్టుకుని పక్కింటికి వెళ్లిపోయింది.

అయినా అతనికి నమ్మకం కుదరలేదు. ఎవరూ వాడకుండా వైఫై పాస్‌వర్డ్ మార్చేశాడు. మరుక్షణం దాత మాయమయ్యాడు. పూర్తి ఫైలు ఉన్నవారు: సున్నా.

"సగంలో వదిలేసి పోయాడు, దొంగ వెధవ! ఇవ్వడం చేతకానివాడు మొదలెట్టడం ఎందుకు?"

"రౌటర్ ఆపి ఆన్ చెయ్యి," అన్నాడు బావమరిది. మూడుసార్లు చేశాడు. నాలుగోసారి కసికొద్దీ మెయిన్ స్విచ్చే దించేశాడు. ఫ్యాను ఆగింది. ఫ్రిజ్ మూలిగి ఊరుకుంది. వెనక గదిలోంచి తల్లి బయటికొచ్చింది.

"ఏంట్రా ఇది? ఇందాక నెట్ పోయింది, ఇప్పుడు కరెంటూ పోయింది."

"నీకు నెట్ ఎందుకమ్మా?"

"నాకెందుకూ? నువ్విచ్చిన పాత కంప్యూటర్లో మనవరాలి నాటకం దించుకున్నానుగా. ఇంకెవరికైనా పనికొస్తుంది, ఆపకమ్మా అన్నావు. నెల రోజులుగా ఆపితే ఒట్టు!"

ఎడిటర్ గోడకు చేరగిలబడ్డాడు. మోగని కాలింగ్ బెల్ నొక్కి నొక్కి విసిగిపోయిన హెడ్‌మిస్ట్రెస్ తలుపు బాదుతోంది. ఆవిణ్ణి కూర్చోబెట్టి, స్విచ్ ఎత్తి, తల్లి గదిలోకి పరుగెత్తాడు. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కడానికి నాలుగు నిమిషాలు పట్టింది. హెడ్‌మిస్ట్రెస్ వీడియో తీసుకుని, వచ్చే ఏడాది నాటకం తేదీ కూడా చెప్పి వెళ్లిపోయింది.

అతను తల్లి గదికి తిరిగొచ్చాడు. కృతజ్ఞత గొంతుదాకా వచ్చింది. నోరు తెరిచాడు.

"కీబోర్డు మీద ఇంత దుమ్మేంటమ్మా?" అన్నాడు.