పద్నాలుగో మంచం మీది కాలనీ

వానలు మొదలైన వారానికి పాతగేటు కాలనీని జిల్లా బోధనాసుపత్రిలో ఒకే రోగిగా చేర్చుకుని, ఆడవాళ్ళ వార్డులో పద్నాలుగో మంచం ఇచ్చారు. జబ్బు విరేచనాలు. వైద్య విద్యార్థులు రోగాన్ని ఒక ఒంట్లో కాక ఊరు మొత్తంలో చూడడం నేర్చుకోవాలని కొత్త పాఠ్యప్రణాళిక చెప్పింది. ఊరిని వార్డుకు తేకుండా ఎలా చూపించాలో అందులో లేదు. అందుకని తెచ్చారు.

మంచం చాలదని నర్సులు అన్నారు. ఒక రోగికి ఒకటే మంచమని సూపరింటెండెంటు నిబంధన చూపించారు. కాలనీ సర్దుకుంది. తలగడ వైపు అంగన్‌వాడీ, కాళ్ళ వైపు బెల్టు షాపు వచ్చాయి. కాలువ, కుళాయి, పైపు కూడా వెంట వచ్చాయి. వాటిని మంచం కింద పెట్టారు. చేరిక కాగితంలో ఆడా మగా అన్న గడి దగ్గర గుమాస్తా ఆగాడు. ఇళ్ళ పట్టాలు ఆడవాళ్ళ పేరు మీద ఉన్నాయి కనుక ఆడ అని రాశాడు. వయసు పట్టాలిచ్చిన ఏడాది నుంచి లెక్కగట్టాడు. "పేషెంటు తరఫువాళ్ళు ఎవరు?" అని కేకేస్తే ఎవరూ పలకలేదు. అందరూ పేషెంటే.

వైద్యం పద్ధతి ప్రకారం నడిచింది. పూటకు ఒక భోజనం, ఒక గుడ్డు. జ్వరం రోజూ చూశారు. కొందరు పిల్లల ఒళ్ళు కాలుతున్నా, అందరినీ కలిపి సగటు తీస్తే మామూలుగానే వచ్చింది. ఆ వానాకాలంలో ఇద్దరు చనిపోయారు. రోగి బతికే ఉంది కనుక మరణ ధ్రువపత్రం ఇవ్వడం కుదరలేదు. బరువు తగ్గిందని రాశారు.

కారణం మొదట్లోనే తెలిసింది. మంచినీళ్ళ పైపు పగిలి కాలువ నీళ్ళు అందులో కలుస్తున్నాయి. ఆసుపత్రి మేస్త్రీ వచ్చి చూసి, ఇది రోగి సొంత పైపు, తనకు సంబంధం లేదని వెళ్ళిపోయాడు. కొత్త పైపు కోసం మునిసిపాలిటీకి రాశారు. అక్కడి ఇంజనీరు పాతగేటు దగ్గరికి వెళ్ళి చూశాడు. ఆ చోట కాలనీ ఏదీ లేదని, లేని కాలనీకి పైపు వేయలేమని, డిశ్చార్జి అయ్యాక దరఖాస్తు పెట్టుకోవచ్చని జవాబిచ్చాడు. నయం కాని రోగిని డిశ్చార్జి చేయడానికి ఆసుపత్రి నిబంధనలు ఒప్పుకోవు. రెండు కార్యాలయాలూ తమ తమ నిబంధనలు పాటించాయి. కాలనీ మంచం మీద ఉండిపోయింది.

ఉండిపోయింది కనుక ఫైనలియర్ ప్రాక్టికల్ పరీక్షకు దాన్నే లాంగ్ కేసుగా పెట్టారు. విద్యార్థి రోగిని పూర్తిగా పరీక్షించి, జబ్బేమిటో, ఎందుకొచ్చిందో, ఏం చేయాలో ఎగ్జామినర్‌కు చెప్పాలి. బెహరా ఇందుమతికి రెండుసార్లూ అదే కేసు పడింది. మొదటిసారి తప్పింది. ఆమె బ్యాచ్ వాళ్ళు అప్పటికే హౌస్ సర్జన్లయి, ఆమె చేత బీపీలు చూపిస్తున్నారు. ఈసారీ తప్పితే ఇంకో ఆరు నెలలు వాళ్ళ కిందే.

ఎక్కువ పరీక్షలు చూసిన రోగులకు తమ కేసు కంఠతా వస్తుంది. ఎగ్జామినర్ రాకముందే విద్యార్థి చెవిలో చెప్పేస్తారు. కాలనీ కూడా చెప్పేది. మాట్లాడాల్సి వస్తే ఎవరో ఒకరి నోరు వాడుకునేది. ఆ రోజు నూకాలమ్మ నోరు. ఆమె మంచం అంచున ఇడ్లీలు వేస్తుంది.

"మల్లీ నువ్వేనా అమ్మా?" అంది కాలనీ.

"నేనే. నిరుడు తప్పాను."

"తప్పవా మరి? పైపన్నావు. అనొద్దని ముందే సెప్పినాను కాదా?"

"పైపే కదమ్మా మందు."

"నాకు తెల్దేటి? ఆ నీల్లు తాగుతున్నదాన్ని నాను. కానీ పరీచ్చెట్టే ఆ పెద్ద డాట్రు బాబుకి పైపు మాట గిట్టదు. సేతులు కడుక్కోమని సెప్పు. అలగన్నోల్లంతా పాసయిపోనారు."

"దాంతో నయమవుతుందా?"

"నువ్వు గట్టెక్కుతావు. ఒకలైనా గట్టెక్కాలి కదేటి."

ప్రొఫెసర్ పట్నాయక్ ఇంకో ఊరి ఎగ్జామినర్‌ను వెంటబెట్టుకుని వచ్చారు. ఇందుమతిని చూసి గుర్తుపట్టారు.

"ఈ అమ్మాయి నిరుడు పేషెంటుకు పైపు రాసిందండీ. రోజుకు ఎన్ని పూటలని అడిగాను. తిండికి ముందా, తర్వాతా అని అడిగాను. చెప్పలేకపోయింది."

ఆ ఎగ్జామినర్ నవ్వాడు. ఇందుమతి కేసు మొదలుపెట్టింది. జబ్బు చెప్పింది. పైపు ఎక్కడ పగిలిందో, కాలువ ఎటు పారుతోందో, పిల్లలకే ముందు ఎందుకు వచ్చిందో చెప్పింది.

"శభాష్. వ్యవస్థ మొత్తం చూశావు. మరి చికిత్స?"

ఇందుమతి మంచం కిందికి చూసింది. ఒక పిల్ల కుళాయి కింద దోసిలి పట్టి తాగుతోంది.

"చేతులు కడుక్కోవడం గురించి చెప్పాలి సార్."

"అద్గదీ. చెప్పడం కాదు, చేసి చూపించు."

చూపించింది. కాలనీ లేచి కూర్చుని చూసింది. తర్వాత కుళాయి తిప్పి, వేళ్ళ సందులతో సహా అందరూ చేతులు కడుక్కున్నారు. నీళ్ళు వాసన వేశాయి. ఎగ్జామినర్లు ముక్కులకు రుమాళ్ళు అడ్డం పెట్టుకుని మార్కులు వేశారు. ఇందుమతి పాసయింది.

హౌస్ సర్జన్‌గా ఆమెకు ఆడవాళ్ళ వార్డే పడింది. మొదటి రోజు పొద్దున రౌండ్స్‌లో, పద్నాలుగో మంచం దగ్గర, పైపు రాస్తానని ప్రొఫెసర్‌తో చెప్పింది. ఆయనకు కోపం రాలేదు.

"రాయమ్మా. డాక్టరువి, ఎవరొద్దంటారు? కానీ వచ్చే నెల నీ జూనియర్ల పరీక్షలు. ఈ కేసు నయమైపోతే పాపం వాళ్ళు ఏ కేసు చూస్తారు? పరీక్షలు అయిపోనీ. అప్పుడు రాద్దువుగాని."

"అప్పుడు రాయనిస్తారా సార్?"

"అప్పటికి నీకు ఇంకో వార్డు పడుతుంది. అక్కడ నీ ఇష్టం."

ఇందుమతి కేస్ షీటు తిరగేసింది. ప్రతి పేజీలోనూ ఒకటే వాక్యం ఉంది, కింద సంతకాలు మారాయి. సంతకాలన్నీ ఆమెకు తెలిసినవాళ్ళవే. అందరూ పైపు సంగతి తెలిసినవాళ్ళే. 'అదే చికిత్స కొనసాగించాలి' అని రాసి ఆమె కూడా సంతకం చేసింది. డాక్టరుగా అది ఆమె మొదటి సంతకం.

కాలనీ షీటు అడిగి తీసుకుని చూసింది.

"సంతకం బాగుందమ్మా," అంది. "అచ్చం డాట్రు సంతకమే."